గౌరన్న మాస్టారి ఇసుక బడి

జీడిమామిడి తోటలు ఎక్కడ అయిపోతాయో అక్కడ అడవి మొదలవుతుంది. ఆ రెండిటికీ మధ్య ఒక వాగు. వానాకాలంలో దాన్ని దాటాలంటే దున్నపోతులు కూడా వెనకాముందూ ఆడతాయి. ఎండలు ముదిరాక మాత్రం అందులో మిగిలేది ఇసుకే. ఆ ఇసుకలో, కానుగ చెట్టు నీడ పడే చోట, గౌరన్న మాస్టారు బడి పెట్టాడు.

గౌరన్న గానుగెద్దు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కళ్ళకు గంతలతో నువ్వుల గానుగ చుట్టూ తిరిగినవాడు. ఆ గానుగ పాకకి ఆనుకునే ఊరి బడి ఉండేది. తిరుగుతున్నంతసేపూ పిల్లలు అక్షరాలు పలకడం వినేవాడు. మధ్యాహ్నం గంతలు విప్పి కుడితి పెట్టినప్పుడు కిటికీలోంచి నల్లబల్ల చూసేవాడు. పొద్దున విన్న శబ్దాన్ని మధ్యాహ్నం చూసిన ఆకారంతో జతపరుచుకుంటూ, జతపరుచుకుంటూ, మెల్లగా చదవడం నేర్చేసుకున్నాడు. కొన్నాళ్ళకి గానుగకి కరెంటు మోటారు వచ్చింది. యజమాని దయగలవాడు కాబట్టి సంతకి తోలకుండా, పలుపు విప్పి అడవి వైపు వదిలేశాడు.

గంతల చీకట్లో ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన కళ్ళు మందగించాయి. కాళ్ళ ముందున్నది బాగానే కనబడేది గానీ దూరానున్నదంతా ఆయనకి తెల్లటి మసకే. పాఠం చెప్పడానికి దూరపు చూపుతో పనేముంది? ఇసుక కాళ్ళ కిందే ఉంది, పిల్లలు కాళ్ళ చుట్టూనే ఉన్నారు.

"మన అక్షరాలన్నీ గుండ్రంగా ఉంటాయర్రా. గుండ్రంగా తిరగడం నాకంటే బాగా ఎవరికొచ్చు?" అంటూ గౌరన్న ఇసుకలో నడిచేవాడు. ఆయన గిట్టల జాడ చూస్తే, ఓ పెద్ద అక్షరం. పిల్లలు వరసగా ఆ జాడలో అడుగులేస్తూ దాని పేరు గట్టిగా పలికేవారు. నడిచి నడిచి అలిసిపోయాక, కూచుని అదే అక్షరాన్ని చిన్నగా రాయాలి. కోతి పిల్ల వేలితో, పంది పిల్ల మూతితో, కుందేలు పిల్ల ముందు కాలితో, తాబేలు పిల్ల తోకతో.

మొదటి రోజునే గౌరన్న అందర్నీ ఒక్కో మాట అడిగాడు.

"నీకు అన్నిటికంటే ముందు ఏ మాట రాయాలని ఉంది?"

"దుంప!" అన్నాడు పంది పిల్ల గున్నడు, ఆలోచించకుండానే.

"గరిక," అంది కుందేలు పిల్ల తెల్లి.

"రాయి," అన్నాడు కోతి పిల్ల కొండడు.

"రాయెందుకురా?"

"విసరొచ్చు కదండీ."

తాబేలు పిల్ల డిప్పి చాలాసేపు ఆలోచించింది. అందరూ విసుగెత్తి ఆటల్లో పడ్డాక అప్పుడు చెప్పింది. "తాబేలు. మా అమ్మా నాన్నా తమ్ముళ్ళూ నేనూ, అందరం ఒకే మాటలో వచ్చేస్తాం కదా మాస్టారూ."

ఎవరి మాట వాళ్ళకిచ్చాడు. దుంపలో 'దు' అంటే గున్నడికి ప్రాణం. దాని కొమ్ము దగ్గరికొచ్చేసరికి మూతి ఇంకాస్త లోతుగా దిగేది. గరికలో 'గ' కోసం తెల్లి చెరిపీ రాసీ, చెరిపీ రాసీ, కాలి బొచ్చంతా ఇసుక చేసుకునేది. కొండడు 'రా'కి దీర్ఘం పెట్టడం మరిచిపోతే, "నువ్వు రాసింది 'రయి' అయిందిరా, అది విసిరినా ఎవడికీ తగలదు," అనేవాడు గౌరన్న. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నవ్విన అక్షరాన్ని ఇంక మరిచిపోయేవారు కాదు.

ఈ బడి కంట్లో నలుసైంది ఒక్కరికే. ఆయన పేరు వీరభద్రం. నక్క.

వీరభద్రం ఆ అడవికంతటికీ ఒకే ఒక్క చదువరి. తోటల కంచెలకీ, రోడ్డు మలుపుల్లోనూ మనుషులు బోర్డులు పాతుతూ ఉంటారు. కొత్త బోర్డు కనబడగానే జంతువులు వీరభద్రాన్ని పిలుచుకెళ్ళేవి. ఆయన గొంతు సవరించుకుని, తోక దులుపుకుని, బోర్డుని కిందనుంచి పైకి ఓసారి చూసి చదివేవాడు. "ఈ కంచె దాటి వచ్చిన కోళ్ళు నక్కలకు చెందును." "ఈ చెట్టు కింద పడుకొనువారు నక్కగారి అనుమతి పొందవలెను." అందుకు బదులుగా తేనెపట్టు ముక్కో, పీతో, పండిన జీడిమామిడో ఆయన గుహకి చేరేది. ఇప్పుడు ఈ ఎద్దెవరో వచ్చి పిల్లలందరికీ చదువు చెప్పేస్తే తన గతేం కావాలి?

ఓ సాయంత్రం ఆయన తిన్నగా గున్నడి తల్లి సూరమ్మ దగ్గరికి పోయాడు. అడవి పంది సూరమ్మ మాటంటే మిగతా తల్లులకి గురి.

"ఏం సూరమ్మా, మీవాడు బడికెళ్ళి నెల దాటిందట కదా. ఏం నేర్చాడేంటి?"

"దుంప అని రాస్తాడు బావా. చక్కగా రాస్తాడు."

"ఇంకా?"

సూరమ్మ చెవులు ఆడించింది. "ఇంకా... దుంపే రాస్తాడు."

"నెలకో దుంప! ఈ లెక్కన వాడికి చదువొచ్చేసరికి కోరలు ఊడిపోతాయి. నా దగ్గరికి పంపి చూడు. పదిరోజులు తిరక్కుండా బోర్డంతా గడగడా అప్పజెప్పకపోతే నన్ను అడుగు."

అదే మాట కుందేలింట్లోనూ కోతుల కొమ్మ మీదా చెప్పొచ్చాడు. మర్నాడు కానుగ నీడలోకి ఒక్క డిప్పి మాత్రమే వచ్చింది.

"మిగతావాళ్ళేరీ?" అన్నాడు గౌరన్న.

"వీరభద్రం మామ బండ దగ్గరికెళ్ళారు మాస్టారూ. అక్కడ బడి పెట్టాడు."

"మరి నువ్వెళ్ళలేదేం?"

"అది కొండెక్కాలి కదా," అంది డిప్పి. "బయల్దేరాను గానీ, సగం దారిలో ఉండగానే వాళ్ళకి బడి వదిలేశారు."

గౌరన్నకి నవ్వొచ్చింది. ఆ రోజు డిప్పి ఒక్కదానికే పాఠం చెప్పాడు. నడుస్తుంటే తన వెనక గిట్టల చప్పుడూ గంతుల చప్పుడూ వినబడక, గానుగ చుట్టూ ఒంటరిగా తిరిగినట్టే అనిపించింది.

రెండు రోజులు ఆగి, ఉండబట్టలేక ఆ బండ దగ్గరికి పోయి పొదల వెనక నిలబడ్డాడు. వీరభద్రం ఓ పలక రాతి మీద బొగ్గుతో ఏవో గీసి, దాన్ని పుల్లతో కొడుతూ, "కొండలో వాన కురిసెను! అడవిలో చిగురు మెరిసెను!" అని అరుస్తున్నాడు. పిల్లలు అదే మాట ఇంకా పెద్దగా అరుస్తున్నారు. తెల్లి కళ్ళు మూసుకుని చదువుతోంది. కొండడు చెట్టుకు తలకిందులుగా వేలాడుతూ చదువుతున్నాడు. గున్నడు వెనక్కి తిరిగి మన్ను తవ్వుకుంటూ చదువుతున్నాడు. చుట్టూ చేరిన తల్లిదండ్రుల సంతోషానికి హద్దు లేదు.

గౌరన్న ఆ రాతి మీది గీతల్ని చూడ్డానికి కళ్ళు చికిలించాడు. ఎంత చూసినా ఒక్క అక్షరం కూడా అక్షరంలా కనబడలేదు. 'నా కళ్ళు మరీ పాడైపోయాయి' అనుకుని, తల వంచుకుని వెనక్కి వచ్చేశాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులో తవ్విన చెలమే అందరికీ దిక్కయింది. ఇసుకలో తీసిన ఆ గుంటలో నీళ్ళు ఊరడానికే బోలెడంత సేపు పట్టేది. ఒకరు తాగాక ఇంకొకరు, నాలుక బయట పెట్టుకుని ఎదురుచూడాల్సిందే. అలాంటప్పుడు జీడిమామిడి తోట అంచున ఓ కొత్త గుంట కనబడింది. తోటవాళ్ళు తవ్వి, అడుగున టార్పాలిన్ పరిచి, అంచుల దాకా నీళ్ళు నింపారు. అవతలి గట్టున బోర్డు ఒకటి పాతి వెళ్ళిపోయారు.

జంతువులన్నీ వీరభద్రం గుహ ముందు మూగాయి. "నీళ్ళు చూశాం బావా! బోర్డేమంటోంది?"

వీరభద్రం వాళ్ళ వెంట వెళ్ళి ఆ గుంట చూశాడు, నిండుగా ఉన్న నీళ్ళు చూశాడు, తన ముఖంలోకే ఆశగా చూస్తున్న జనాన్ని చూశాడు. అంతమందికి ఒకేసారి సంతోషం పంచే అవకాశం రోజూ వస్తుందా?

"ఏమంటుంది! 'అడవి జంతువుల దాహార్తి తీర్చుటకై ఈ గుంట' అంటోంది. రేపు పొద్దున మన బడి ఉత్సవం అక్కడే చేద్దాం. పిల్లలు బోర్డు చదివి వినిపిస్తారు. ఆ తరవాత అందరూ కడుపునిండా తాగండి."

పొద్దున్నే అడవంతా గుంట గట్టు మీదే ఉంది. గౌరన్నకి పిలుపు లేదు. డిప్పి మాత్రం, "నా స్నేహితులు చదువుతారట మాస్టారూ, వినాలనుంది. నడిస్తే అందుకోలేను," అంది. గౌరన్న మోకాళ్ళ మీద వంగి దాన్ని మూపు మీదికి ఎక్కించుకున్నాడు. పిల్లలు తనవాళ్ళు. ఎవరి దగ్గర చదివితేనేం, ఓసారి వినొద్దాం అనుకున్నాడు.

వాళ్ళు చేరేసరికి వీరభద్రం ఉపన్యాసం నడుస్తోంది. అది మొదలై చాలాసేపైంది, ఇప్పట్లో అయ్యేలా లేదు. ఆ రోజు అడవికి మేలు చేసింది ఆ ఉపన్యాసమే. మధ్యలో ఆయన పుల్ల ఊపగానే పిల్లలు బోర్డు వైపైనా చూడకుండా, "ఈ నీళ్ళు చల్లన! ఈ నీళ్ళు తియ్యన!" అని అరిచారు. సూరమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. గున్నడు అప్పటికే బురదలో జారుకుంటూ నీళ్ళ వైపు దిగుతున్నాడు.

గౌరన్న చుట్టూ చూశాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంత నీళ్ళున్న చోట ఒక్క కప్ప అరుపు లేదు. ఒక్క తూనీగ లేదు.

అప్పుడే మూపు మీంచి డిప్పి మెడ చాపింది. "మాస్టారూ! బోర్డు మీద నా 'తా' ఉంది."

"ఏ తా?"

"నా తాబేలులో తా. తలకట్టు కాదు, దీర్ఘమే. కింద వరసలో మొట్టమొదట అదే ఉంది."

గౌరన్న అవతలి గట్టు వైపు చూశాడు. తెల్లటి మసక. వీరభద్రం చదివిన దాంట్లో 'తా' ఎక్కడుంది? చల్లనలో లేదు, తియ్యనలో లేదు.

"దాని పక్కన ఏముంది తల్లీ?"

"అది నాకు రాదు మాస్టారూ. నాకు నా మాటలోవే వచ్చు."

గున్నడి ముందు కాళ్ళు నీటి అంచుని తాకబోతున్నాయి. గౌరన్న గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా రంకె వేశాడు.

"ఆగండి! ఎవరూ నీళ్ళలో మూతి పెట్టకండి! ఆ బోర్డు చదవాలి."

వీరభద్రానికి మండిపోయింది. "చదివాం కదయ్యా! నువ్వు మళ్ళీ చదువుతావా? చదువు మరి, వింటాం."

అందరూ గౌరన్న వైపు తిరిగారు. ఆయన చెవులు వేడెక్కాయి. గానుగ దగ్గర కొరడా దెబ్బ పడినా అంత సిగ్గుగా అనిపించలేదు.

"నేను చదవలేను," అన్నాడు. "నా కళ్ళు అంత దూరం చూడవు. నాకక్కడ బోర్డే కనబడటం లేదు."

"విన్నారా!" వీరభద్రం కడుపు పట్టుకుని నవ్వాడు. "బోర్డు కనబడనివాడు పిల్లలకి చదువు చెబుతాడట!"

గుంపంతా గొల్లుమంది. గౌరన్న అదేమీ పట్టించుకోలేదు. తన పిల్లల వైపు తిరిగి, బళ్ళో మాట్లాడినట్టే నెమ్మదిగా అన్నాడు. "పై వరస వదిలెయ్యండమ్మా, అది పెద్ద మాట. కింద వరస చూడండి. మీకు తెలిసిన అక్షరం ఏదైనా ఉందేమో వెతకండి. తొందరేం లేదు."

తొందర ఉంది. కానీ ఆ మాట పిల్లలకి చెబితే ఉన్న అక్షరం కూడా పారిపోతుందని ఆయనకి తెలుసు.

తెల్లి చెవులు నిక్కించి చూసింది. పెదాలు కదిలాయి. "తా పక్కన ఉన్నది నాది! గరికలో గ!"

"నాది! నాది!" కొండడు కొమ్మ మీంచి దూకాడు. "మూడోది రా! దీర్ఘం ఉంది మాస్టారూ, చూశాను, ఉంది!"

"ఆఖరుది? ఆఖరుది ఎవరిది?"

తెల్లి కొండడి వైపు, కొండడు తెల్లి వైపు చూశారు. అందరూ కిందికి చూశారు. నీళ్ళకి జానెడు దూరంలో మూతి పెట్టుకుని ఉన్న గున్నడు తల ఎత్తాడు. బోర్డు కేసి చూసి, అలవాటుగా మూతితో గాల్లోనే ఆ అక్షరం గీసుకున్నాడు.

"దు," అన్నాడు. "దుంపలో దు. కొమ్ముంది."

"ఇప్పుడు వరసగా పలకండి," అన్నాడు గౌరన్న. "ఎవరి అక్షరం వాళ్ళు."

"తా," అంది డిప్పి.

"గ," అంది తెల్లి.

"రా," అన్నాడు కొండడు.

"దు," అన్నాడు గున్నడు.

ఆ తరవాత నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని, ఒక్కసారిగా అరిచారు. "తాగరాదు!"

సూరమ్మ ఒక్క ఉరుకు ఉరికి గున్నడి తోక పట్టి గట్టు మీదికి ఈడ్చి పడేసింది. ఈడ్చాక వాడి ఒళ్ళంతా వాసన చూసింది, మూతి తడి లేదని చూసుకుని మళ్ళీ వాసన చూసింది. ఆపైన మెల్లగా వీరభద్రం వైపు తిరిగింది.

"బావా, చల్లన అన్నావు. తియ్యన అన్నావు."

"పిల్లలమ్మా! కూడబలుక్కుని ఏదో అంటే నమ్మేస్తారా?" వీరభద్రం నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అయితే నువ్వు తాగు," అంది సూరమ్మ. "నువ్వు చదివిందే నిజమైతే, ముందు నువ్వే తాగు."

"తాగు! తాగు!" అన్నాయి అన్నీ.

వీరభద్రం నీళ్ళ దగ్గరికి దిగాడు. వెనక అడవంతా చూస్తోంది. వంగాడు. ముక్కుకి ఏదో ఘాటు తగిలింది. వెనక్కి వెళ్తే పరువు పోతుంది, ముందుకెళ్తే ప్రాణం పోతుంది. ఆయన నాలుక చాపాడు. చాపిన నాలుక నీళ్ళకి చేరకుండా అలాగే ఉండిపోయింది.

గౌరన్న గట్టు దిగి ఆయన పక్కన నిలబడ్డాడు. "వీరభద్రం," అన్నాడు, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా, "నువ్వు చదవగలిగితే తాగు. లేకపోతే ఒక్క మాట చెప్పి పైకి రా. బోర్డు కనబడలేదని ఇందాక నేను చెప్పాను. నవ్వారు. ఏమైంది నాకు? ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

వీరభద్రం నాలుక లోపలికి పోయింది. తోక కాళ్ళ మధ్యకి పోయింది.

"నాకు రాదు," అన్నాడు. "ఒక్క అక్షరమూ రాదు. నాకెప్పుడూ రాలేదు."

ఆ మాట గట్టు పైదాకా వినబడింది. ఇన్నాళ్ళ తేనెపట్లూ పీతలూ గుర్తొచ్చి కొందరు గుర్రుమన్నారు. కానీ అదే సమయానికి తోటలోంచి మనుషులు వచ్చారు. వీపు మీద డబ్బాలు, ముక్కుకి గుడ్డలు. జంతువులన్నీ పొదల్లోకి తప్పుకుని చూస్తుండగా, వాళ్ళు ఆ గుంటలోని పురుగుమందు కలిపిన నీళ్ళే డబ్బాల్లోకి తోడుకుని, చెట్లకి కొట్టడం మొదలుపెట్టారు. ఆ గాలికే పొదల్లో తుమ్ములు లేచాయి. గుర్రుమన్నవాళ్ళు కూడా ఎవరి పిల్లల్ని వాళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

అందరూ మళ్ళీ చెలమ దగ్గరికే వచ్చారు. సూరమ్మ తన కోరలతో దాన్ని ఇంకా లోతు చేసింది. ముందు పిల్లలు తాగారు. వీరభద్రం అందరికంటే వెనక నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేదాకా ఎవరూ ఆయనతో మాట్లాడలేదు, ఎవరూ పొమ్మనీ అనలేదు.

మర్నాడు కానుగ నీడలో పిల్లలందరూ ఉన్నారు. వాళ్ళ వెనక, చెట్టు మొదలు చాటున, ఓ ఎర్రటి తోక కొస కనబడుతోంది.

"రా వీరభద్రం," అన్నాడు గౌరన్న. "ముందుకొచ్చి కూచో. నీకు ఏ మాట కావాలి?"

వీరభద్రం చెట్టు చాటు నుంచి బయటికొచ్చాడు. గొంతు సవరించుకోబోయి మానేశాడు. "ఏదైనా చిన్నది ఇవ్వు మాస్టారూ. నాకు రాగలిగేది."

"ఈగ," అంది తెల్లి. "ఈగ చాలా చిన్నది కదా మాస్టారూ?"

గౌరన్న నవ్వు ఆపుకుని ఇసుకలో 'ఈ' నడిచాడు. వీరభద్రం ఆ జాడలో అడుగులు వేశాడు. అంతా అయ్యాక, "చదువు," అంటే, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, "ఈగలు గాలిలో ఎగిరెను! ఈగలు తేనెపై వాలెను!" అని అందుకున్నాడు.

"మాస్టారూ!" డిప్పి ఇసుకలో తోక కొట్టింది. "మామ చూడకుండా చదివేస్తున్నాడు!"

వీరభద్రం నాలిక కరుచుకుని కళ్ళు తెరిచాడు. గున్నడు వచ్చి ఆయన పంజాని మూతితో నెట్టి, అక్షరం మొదలయ్యే చోట పెట్టాడు. "ఇక్కణ్ణుంచి మామా. మెల్లిగా."

రానిది రాదని ఒప్పుకున్నవాడికే ఏదైనా వస్తుంది.